రోజూ కనిపించే గిజిగాడి మీద పీజీ ప్రాజెక్టు చేయొచ్చా?

ప్రశ్న అడిగినవారు అనంతపురంలో ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్నారు. సొంతూరు శింగనమల వైపు. వాళ్ల పొలంలో బావి మీదికి వంగిన తుమ్మచెట్టుకు ఏటా గిజిగాడి గూళ్లు వేలాడతాయట. ప్రాజెక్టుకు ఆ పిట్టనే తీసుకుందామనుకుంటే, "అది అందరూ చూసే పిట్టే కదా, బట్టమేక పిట్టో కలివికోడో లాంటి అరుదైన పిట్టయితే పేరొస్తుంది" అని తోటివాళ్లు అన్నారట. మామూలు పిట్ట మీద చేసిన పని పరిశోధన అవుతుందా, అయితే ఏం చూడాలి, అటవీశాఖ అనుమతి కావాలా అని అడిగారు.

సూటిగా చెప్తాను. అవుతుంది. మీ చేతిలో ఉన్న కొద్ది నెలలకు, మీరున్న చోటుకు గిజిగాడికి మించిన పిట్ట లేదు. చెట్టు కిందో గట్టు మీదో దూరంగా కూర్చుని చూసి రాసుకునే పనైతే అభయారణ్యాల బయట, పొలం వాళ్ల ఒప్పుదలతో చేసుకోవచ్చు. పిట్టను పట్టినా, గూటిని కదిలించినా మాత్రం అనుమతి తప్పనిసరి. కాకపోతే "గిజిగాడి మీద ప్రాజెక్టు" అన్నంత మాత్రాన అది ప్రాజెక్టు కాదు. ముందు ప్రశ్న ఉండాలి, ఆ తర్వాతే పిట్ట. నేను చాలాకాలం డిగ్రీ, పీజీ పిల్లలకు ఫీల్డ్ ప్రాజెక్టులు చేయించాను కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

అరుదైన పిట్టల సంగతి ముందు చూద్దాం. కలివికోడిని 1900లో మన అనంతపురం దగ్గరే చూసినట్టు రికార్డు ఉంది. ఆ తర్వాత 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లకు, స్థానికుల సాయంతో, మళ్లీ దొరికేదాకా అది అంతరించిపోయిందనే అనుకున్నారు. రాత్రిపూట తిరిగే పిట్ట. అనుభవమున్న బృందాలు కూడా కెమెరాలు పెట్టి, నేల మీద అడుగుల గుర్తులు వెతుక్కుంటూ పనిచేయాల్సి వచ్చింది. బట్టమేక పిట్ట కోసం 1988లో నందికొట్కూరు దగ్గర రోళ్లపాడు అభయారణ్యం ఏర్పాటు చేశారు. ఈ రెండు పిట్టల కోసం చేయాల్సిన పని చాలా ఉంది, అది జరగాలని మనసారా కోరుకునేవాణ్ణి నేను. అయితే అది ఏళ్ల తరబడి సంస్థలు చేసే పని. ఒక సెమిస్టర్లో మీకు ఆ పిట్ట ఒక్కసారి కనబడినా గొప్పే. ఒక్కసారి చూసినదాన్ని దేనితో పోలుస్తారు? జీవశాస్త్రంలో ఏ మాట తేల్చాలన్నా పోల్చి చూడాలి, పోల్చడానికి సంఖ్య కావాలి. ఆ సంఖ్యను మామూలు పిట్టే ఇస్తుంది.

ఊర పిచ్చుకనే తీసుకోండి. 1898 ఫిబ్రవరిలో అమెరికాలోని ప్రావిడెన్స్ ఊళ్లో మంచు తుపాను తర్వాత సొమ్మసిల్లిపోయిన పిచ్చుకలను హెర్మన్ బంపస్ అనే ప్రొఫెసర్ దగ్గరికి తెచ్చారు. మొత్తం 136. వాటిలో 72 బతికాయి, 64 చనిపోయాయి. ఆయన అన్నిటి బరువు, రెక్కలు, ఎముకలు కొలిచి, బతికినవాటికీ చచ్చినవాటికీ తేడా ఏమిటని చూశాడు. ప్రకృతి వరణాన్ని (నేచురల్ సెలెక్షన్) అంకెల్లో చూపే తొలి ప్రయత్నాల్లో అదొకటి. ఆయన తన నిర్ణయాలతో పాటు కొలతలన్నిటినీ అచ్చువేశాడు. అందుకే ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ అంకెల మీద కొత్త పద్ధతులతో లెక్కలు వేస్తూనే ఉన్నారు. మీ థీసిస్ చివర మీ ముడి డేటా పట్టిక మొత్తం పెట్టమని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఇక గిజిగాడు. శాస్త్రీయ నామం ప్లోసియస్ ఫిలిప్పైనస్. 1930లో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ జర్మనీలో శిక్షణ ముగించుకుని వచ్చేసరికి ఇక్కడ ఆయనకు ఉద్యోగం లేదు. బొంబాయికి అవతల సముద్రం ఒడ్డున కిహిమ్ అనే ఊళ్లో ఉండాల్సి వచ్చింది. అక్కడ ఇంటి దగ్గరి చెట్టు మీద గిజిగాళ్లు గూళ్లు కడుతుంటే రోజూ చూసి రాసుకున్నారు. మగపిట్ట సగం గూడు కట్టి ఆపుతుందని, ఆడపిట్టలు వచ్చి గూళ్లను పరీక్షిస్తాయని, ఒకటి ఒప్పుకున్నాకే మగది ఆ గూటిని పూర్తి చేసి, మళ్లీ ఇంకో ఆడపిట్ట కోసం ఇంకో గూడు మొదలుపెడుతుందని ఆయన వివరంగా చూపించారు. 1931లో ఆ వ్యాసం వచ్చింది. అందరి కళ్ల ముందూ ఉన్న పిట్టే అది, ఓపికగా కూర్చుని చూసింది మాత్రం ఆయన.

ఆ తర్వాత కథ ప్రయోగశాలకు కూడా వెళ్లింది. వానాకాలంలో మగ గిజిగాడికి తల మీద, రొమ్ము మీద పసుపు రంగు వస్తుంది కదా. అది వృషణాల నుంచి వచ్చే హార్మోను వల్లే అని ఎవరైనా అనుకుంటారు. 1960ల ప్రాంతంలో బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో తప్లియాల్, సక్సేనా చేసిన ప్రయోగాల్లో వృషణాలు తీసేసిన మగపిట్టలకు కూడా ఆ రంగు వచ్చింది. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి వచ్చే ఎల్‌హెచ్ (ల్యూటినైజింగ్ హార్మోన్) దానికి కారణమని తేలింది. ఆఫ్రికాలోని దీని బంధువుల్లో అంతకుముందే కనిపెట్టిన విషయం మన గిజిగాడిలోనూ నిజమైంది. ఎండోక్రైనాలజీ (హార్మోన్ల శాస్త్రం) పేపర్లో ఈ ఉదాహరణ రాస్తే మార్కులు కూడా వస్తాయి. 1964లో జాన్ క్రూక్ అనే శాస్త్రవేత్త గిజిగాడి కుటుంబంలోని ఎన్నో జాతులను పోల్చి, తిండి, ఉండే చోటు పిట్టల కాపురాన్ని ఎలా మారుస్తాయో రాశారు. జంతువుల సామాజిక జీవితాన్ని వాటి పరిసరాలతో కలిపి చదవడానికి అది పెద్ద ఊతమిచ్చింది.

ఇంత పని జరిగిపోయాక మీకేం మిగిలిందని అనుకోవద్దు. చాలా మిగిలింది.

ఈ పిట్టలో ఉన్న గొప్ప సౌకర్యం ఏమిటంటే, ఆడపిట్ట తీర్పు చెట్టుకే వేలాడుతుంది. సగం కట్టిన గూటిని హెల్మెట్ దశ అంటారు. గుడ్లు పెట్టే గది ఒకవైపు, దారి ఒకవైపు, మధ్యలో గట్టిగా అల్లిన ఒక పట్టీ ఉంటుంది. ఆ దశలో మగపిట్ట గూటికి వేలాడుతూ రెక్కలు కొట్టుకుంటూ అరుస్తుంది. ఆడపిట్టకు నచ్చితే గుడ్ల గది మూసుకుపోతుంది, కిందికి పొడవాటి గొట్టం వస్తుంది. నచ్చకపోతే గూడు హెల్మెట్‌గానే ఎండిపోతుంది, లేదా మగదే చింపేసి కొత్తది మొదలుపెడుతుంది. అంటే ఏ గూడు ఒప్పుదలైంది, ఏది కాలేదన్నది పిట్టను పట్టకుండా, గూటిని ముట్టకుండా కింద నుంచే తెలుస్తుంది. ఎన్నో జాతుల్లో ఆడపిట్ట ఎంపికను ఇంత సులువుగా చూడలేం.

ఆడపిట్ట గూటి పనితనం చూస్తుందా, గూడున్న చోటు చూస్తుందా? 2006లో సుహేల్ క్వాదర్ అనే పక్షి పరిశోధకుడు ప్రచురించిన అధ్యయనం ప్రకారం చోటుకే ఎక్కువ విలువ. ఎత్తులో ఉన్నవి, ముళ్ల తుమ్మచెట్ల మీదివి, కాస్త లావు కొమ్మకు కట్టినవి ఆడపిట్టలకు నచ్చాయి. అల్లికకు ప్రాముఖ్యం తక్కువగా కనిపించింది. మీ పని ఇక్కడి నుంచి మొదలవ్వొచ్చు, ఎందుకంటే మన సీమలో చోటు అనే మాటకు ఒక ప్రత్యేకమైన అర్థం ఉంది.

మన దగ్గర గిజిగాడి గూళ్లు ఎక్కువగా ఎక్కడ చూస్తాం? పాత దిగుడు బావుల మీదికి వంగిన తుమ్మకు, ఈతచెట్టుకు, చెరువు కట్ట పక్కన. నీళ్ల మీద గూడుంటే పాములు, ఇతర శత్రువులు చేరడం కష్టమని పుస్తకాల్లో రాస్తారు. మరి బోర్లు వచ్చాక మన బావులేమయ్యాయి? చాలావాటిలో నీళ్లు లేవు. కొన్నిటిని పూడ్చేశారు. కొన్ని ఎండిపోయి లోతుగా అలాగే ఉన్నాయి. చెట్లు మాత్రం ఉన్నాయి. కాబట్టి మీ జిల్లాలో మూడు రకాల చెట్లు దొరుకుతాయి: నీళ్లున్న బావి మీదివి, ఎండిన బావి మీదివి, మామూలు నేల మీదివి. మూడూ నల్లతుమ్మలే అయ్యేలా ఎంచుకోండి. ఎండిన బావిలో నీళ్లుండవు, లోతు మాత్రం ఉంటుంది. పిట్ట నిజంగా నీళ్లనే కోరుకుంటుందా, లేక కింద అంతా ఖాళీగా ఉంటే చాలా? ఈ రెంటినీ విడదీసి చూసే అవకాశం ఎండిన బావి ఇస్తుంది. ఒక్కో రకం చెట్టు మీద ఎన్ని హెల్మెట్లు మొదలయ్యాయి, వాటిలో ఎన్నింటికి గొట్టం వచ్చింది అని లెక్కపెడితే మీకు జవాబు దొరుకుతుంది. నన్నడిగితే మీరు చేయాల్సిన ప్రాజెక్టు ఇదే.

రెండో ప్రశ్న నార గురించి. గిజిగాడు పొడవాటి ఆకు అంచున ముక్కుతో గాటు పెట్టి, కొస పట్టుకుని ఎగురుతూ చీల్చుకుంటుంది. వరి ఆకు, ఈతాకు, పొడవాటి గడ్డి దానికి పనికొస్తాయి. శనక్కాయ చేనులో ఒక్క పోగు కూడా దొరకదు. చీనీ (బత్తాయి) తోటలో కూడా అంతే. హెచ్చెల్సీ (తుంగభద్ర ఎగువ కాలువ) కింద, కర్నూలు కడప వైపు కేసీ కాలువ కింద వరి ఉంటుంది. మెట్ట ఊళ్లలో వరి లేదు, అయినా గూళ్లున్నాయి. అక్కడి పిట్టలు నార ఎక్కడి నుంచి తెచ్చుకుంటున్నాయి, ఎంత దూరం పోతున్నాయి, గూడు పూర్తవడానికి ఎక్కువ రోజులు పడుతున్నాయా? ఇది చాలా మంచి ప్రశ్న. ఒక్క మనిషి ఒక్క సీజన్లో చేయడానికి మాత్రం బరువు ఎక్కువ. స్నేహితురాలితో కలిసి రెండు ఊళ్లు పంచుకుంటే కుదురుతుంది.

మట్టి ముద్దల గురించి కూడా ఎవరో ఒకరు మిమ్మల్ని తప్పకుండా అడుగుతారు. గూట్లో మట్టి అద్ది, దానికి మిణుగురులను అంటించి దీపం పెట్టుకుంటుందని మన ఊళ్లలో అందరూ చెప్పుకునే మాట. మట్టి అద్దడం నిజం. మగపిట్ట హెల్మెట్ దశలోనే, ఇంకా గుడ్లు కూడా లేనప్పుడే ఆ పని చేస్తుంది. సీజన్ అయ్యాక గాలికి రాలిపడిన గూళ్లలో నేను చూసింది మట్టి, పేడ ముద్దలే, పురుగులు లేవు. గాలికి గూడు ఊగకుండా బరువు కోసమని కొందరు, వేరే కారణాలని మరికొందరు అంటారు. వైవాలో (మౌఖిక పరీక్షలో) ఈ ప్రశ్న వస్తే ఇంతవరకు చెప్పండి చాలు.

పనిలోకి దిగాక పాటించాల్సినవి కొన్ని.

ఒకే చోటు నుంచి, ఒకే కోణంలో ప్రతిసారీ ఫోటో తీయండి. నిలబడే చోట ఒక రాయి పాతుకోండి. గూళ్లకు చీటీలు కట్టొద్దు. మొదటి ఫోటోను ప్రింట్ తీసుకుని దాని మీదే నెంబర్లు వేసుకోండి. రెండు మూడు రోజులకోసారి, పొద్దున్నే, అదే సమయానికి వెళ్లండి. ప్రతి గూటికీ ఒక వరుస పెట్టుకుని మొదలైన తేదీ, హెల్మెట్ తేదీ, గొట్టం తేదీ రాయండి. గొట్టం రాని గూళ్లన్నిటినీ "ఫెయిల్" అని ఒకే గంపలో వేయొద్దు. గాలికి పడిపోయిందా, మగది చింపేసిందా, అలాగే ఎండిపోయిందా అన్నది వేర్వేరుగా రాయండి. లేత వయసు మగపిట్టలు వంకర టింకరగా అల్లి వదిలేసేవీ ఉంటాయి, వాటికో గుర్తు పెట్టండి. గొట్టం వచ్చిందంటే పిల్లలు ఎగిరాయని కాదు. ఆడపిట్ట పురుగులు నోట కరుచుకుని లోపలికి పోతుంటే పిల్లలున్నట్టు లెక్క. పెద్దవి గింజలు తిన్నా పిల్లలకు పురుగులు పెడతాయి.

ఎత్తు కొలవడానికి ప్రొట్రాక్టర్‌కు దారం, చిన్న బరువు కట్టుకుంటే చాలు. బావి మీది గూటికి రెండు ఎత్తులుంటాయి, నేల మట్టం నుంచి ఒకటి, బావి అడుగు నుంచో నీళ్ల నుంచో ఇంకొకటి. రెండూ రాయండి. ఏది పిట్టకు ముఖ్యమో ముందే మనం తేల్చేయకూడదు.

ఒక చెట్టుకు నలభై గూళ్లున్నా, చెట్టు గురించిన ప్రశ్నకు అది ఒక్క శాంపిలే. దీన్ని ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. నీళ్లున్న బావి ఒకటి, ఎండిన బావి ఒకటి తీసుకుని, ఒక్కోదాని మీద గూళ్లన్నీ లెక్కపెట్టి తేడా వచ్చిందంటే, అది నీళ్ల వల్ల వచ్చిందో, ఆ చెట్టు వంపు వల్లో, పక్క చేను వల్లో చెప్పలేం. గూళ్లు తక్కువున్నా పర్వాలేదు, చెట్లు ఎక్కువ కావాలి. మీ మండలంలో తిరిగి ఒక్కో రకానికి వీలైనన్ని చెట్లు ముందే చూసి పెట్టుకోండి. అలాగే కాళ్లకు రింగులు వేయకుండా ఏ మగపిట్ట ఏదో గుర్తుపట్టలేం. కాబట్టి "ఒక్కో మగపిట్ట ఎన్ని గూళ్లు కట్టింది" లాంటి ప్రశ్న జోలికి పోవద్దు. గూడు ఎగిరిపోదు, ప్రశ్న దాని మీదే ఉంచండి.

ప్రశ్న ఎంత ముఖ్యమో చెప్పడానికి మా విద్యార్థుల సంగతి ఒకటి చెప్తాను. ఒకబ్బాయి ఊర పిచ్చుకల మీద చేశాడు. వీధివీధీ తిరిగి ఎంతో కష్టపడి లెక్కపెట్టాడు. వైవాలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ "ఈ సంఖ్య ఎక్కువా తక్కువా?" అని అడిగితే దేనితో పోల్చాలో అతనికి తోచలేదు. ఆ తర్వాత ఏడాది ఇంకో అమ్మాయి అదే పిట్ట, దాదాపు అవే వీధులు తీసుకుంది. పాత మట్టి మిద్దెల్లో, కొత్త ఆర్‌సీసీ ఇళ్లలో పిచ్చుక గూడు ఎక్కడెక్కడ పెడుతుందో పోల్చింది. దూలాల సందులు, బోర్డు వెనక, మీటర్ పెట్టె పైన అంటూ ప్రతి చోటూ రాసింది. చిన్న థీసిస్, చదివిన ప్రతివాళ్లూ మెచ్చుకున్నారు. కష్టం ఇద్దరిదీ ఒకటే.

చట్టం సంగతికి వద్దాం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో "వేట" అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో పక్షుల గుడ్లను పాడుచేయడమే కాదు, గుడ్లను గాని గూళ్లను గాని కదిలించడం కూడా ఉంది. కర్రకు అద్దం కట్టి గూట్లోకి చూడటం, గొట్టంలోకి చిన్న కెమెరా దూర్చడం, నిండుగా ఉన్న గూటిని కోసి కాలేజీ మ్యూజియానికి తేవడం, ఇవన్నీ అందులోకి వచ్చే పనులే. పరిశోధన కోసం అలాంటివి చేయాలంటే రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి తీసుకోవాలి. దానికి కాలేజీ ద్వారా దరఖాస్తు పెట్టాలి, సమయం పడుతుంది. నేను పైన చెప్పిన ప్రాజెక్టుకు ఇవేవీ అక్కర్లేకుండానే జవాబు వస్తుంది. అయినా మీ గైడ్ చేత డిపార్ట్‌మెంట్ నుంచి ఒక లెటర్ రాయించుకుని దగ్గర పెట్టుకోండి. బైనాక్యులర్ పట్టుకుని చెట్ల కింద కూర్చుంటే ఎవరైనా ఆపి అడుగుతారు.

బావుల దగ్గర జాగ్రత్త. పాత బావుల గట్లు వానకు జారిపోతాయి, చుట్టూ గోడ కూడా ఉండదు. ఒంటరిగా వెళ్లొద్దు. ఫోటో కోసం అంచుకు అస్సలు పోవద్దు. ఏ గూటి లెక్కా మీ ప్రాణం కంటే ఎక్కువ కాదు.

రైతులతో మాట్లాడండి. సద్ద, జొన్న, కొర్ర పాలు పోసుకునే వేళకు గిజిగాళ్లు గుంపులుగా దిగుతాయి. మంచె మీద నిలబడి వడిసెల తిప్పే మనిషికి వాటి మీద కోపం ఉండటం న్యాయమే. "అవి ఎంత మంచి పిట్టలో" అని పాఠం చెప్పడానికి పోవద్దు. ఏ నెలలో వస్తాయి, ఏ చెట్టుకు ఎన్నేళ్లుగా కడుతున్నాయి, బావి ఎప్పుడు ఎండింది అని అడగండి. ఆ చివరి ప్రశ్నకు జవాబు రైతు దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకదు, మీ ప్రాజెక్టుకు అది ప్రాణం లాంటిది.

ఇక మీరు అడగని విషయం, అసలు ఇబ్బంది వచ్చేది ఇక్కడే. గిజిగాడు గూడు కట్టేది వానాకాలంలో. అనంతపురానికి ఎక్కువ వాన సెప్టెంబరులో పడుతుంది కాబట్టి, జూన్‌లో హడావుడిగా వెళ్లి గూళ్లు లేవని నిరాశపడొద్దు. తొలి వానల నుంచి అక్టోబరు దాకా చూడండి. మండలంలో రోజువారీ వర్షపాతం లెక్కలు తీసుకుని, గూళ్లు మొదలైన తేదీల పక్కన పెట్టుకోండి. మీ ప్రాజెక్టు సెమిస్టర్ డిసెంబరు నుంచి ఏప్రిల్ అయితే ఈ పని కుదరదు. అప్పటికి మగపిట్టలు పసుపు రంగు పోయి ఆడపిచ్చుకల్లా కనిపిస్తాయి, గూళ్లు ఖాళీ అవుతాయి. అలాంటప్పుడు రెండు దారులు. గైడ్‌తో మాట్లాడి డేటా ముందు సెమిస్టర్లోనే మొదలుపెట్టి, రాసే పని తర్వాత పెట్టుకోవడం మొదటిది. రెండోది, ఖాళీ గూళ్లలో జినువాయి అనే చిన్న పిట్టలు చేరి కాపురం పెడతాయి కదా, ఏ రకం పాత గూళ్లలో చేరుతున్నాయి, హెల్మెట్లలోనా గొట్టం ఉన్నవాటిలోనా అని చూడటం. ఇదీ దూరం నుంచి చూడగలిగే పనే, మన ప్రాంతంలో దీన్ని చూసి రాసినవాళ్లు తక్కువ.

సెమిస్టర్ ఎప్పుడో, మీ చుట్టుపక్కల ఒక్కో రకం చెట్లు ఎన్ని కనబడ్డాయో ఇక్కడే రాయండి. డేటా షీటులో ఏ కాలమ్స్ పెట్టాలో, ఆ సంఖ్యకు ఏ స్టాటిస్టికల్ టెస్టు సరిపోతుందో అది చూసి చెప్తాను.